‘ఎ బ్యూటిఫుల్ డే ఇన్ ది నైబర్‌హుడ్’ను ఇంటిల్లిపాదీ కలిసి చూడటం ఎలా

2019లో విడుదలైన ‘ఎ బ్యూటిఫుల్ డే ఇన్ ది నైబర్‌హుడ్’ అనే అమెరికన్ చిత్రాన్ని మా ఇంట్లో మూడుసార్లు అందరినీ కూర్చోబెట్టి చూపించాను. పిల్లల టీవీ కార్యక్రమంతో తరతరాల అమెరికన్లకు ఆత్మీయుడైన ఫ్రెడ్ రోజర్స్‌కూ, ఆయన మీద వ్యాసం రాయడానికి వచ్చిన ఒక కోపిష్టి పత్రికా రచయితకూ మధ్య కలిసిన స్నేహమే దీని కథ. మొదటిసారి చూపించినప్పుడు నా మనసులో వేరే ఆలోచన ఉంది. పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని మా పెదనాన్న, మా నాన్నగారు ఒక పెళ్లి కోసం వచ్చి మా ఇంట్లోనే దిగారు. క్షమ గురించిన ఈ సినిమా చూస్తే ఇద్దరి మనసులూ కరుగుతాయని ఆశపడి ఆ రాత్రి వేశాను. సగం కూడా కాకముందే పెదనాన్న లేచి, కండువా భుజాన వేసుకుని, “నాకు చెప్పదలుచుకున్నది నోటితో చెప్పరా, మధ్యలో ఈ సినిమా దేనికి?” అని మేడ మీదికి వెళ్లిపోయారు.

ఆయన అన్నమాట నూటికి నూరుపాళ్లూ నిజం. అందుకే ఈ చిత్రాన్ని చూపించాలనుకునేవారికి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: ఎవరికో బుద్ధి చెప్పడానికి, ఎవరి మనసో మార్చడానికి దీన్ని వేయవద్దు. ఇందులో రోజర్స్ ఎవరినీ క్షమించమని అడగరు, ఎవరికీ ఉపదేశం చేయరు. ఎదుటి మనిషి చెప్పేదాకా ఓపికగా ఎదురుచూస్తారు, చెప్పింది వింటారు. అటువంటి చిత్రాన్ని ఉపదేశానికి వాడుకుంటే ఆ చిత్రానికే అన్యాయం చేసినట్టవుతుంది. రెండోసారి, మూడోసారి నేను ఏమేమి మార్చానో, ఏ పద్ధతి పనికివచ్చిందో కింద వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీరొక్కరే చూడాలి

నలుగురికీ చూపించే ముందు ఒకసారి ఒంటరిగా చూడటం తప్పనిసరి. పిల్లల కార్యక్రమం చేసే మనిషి గురించిన చిత్రం కనుక ఇది చిన్నపిల్లల సినిమా అనుకుని చాలామంది పొరబడతారు. నిజానికి కథంతా లాయిడ్ వోగెల్ అనే రచయిత చుట్టూ తిరుగుతుంది. కొత్తగా తండ్రి అయిన ఈ లాయిడ్, తల్లి మంచాన పడ్డ రోజుల్లో కుటుంబాన్ని వదిలి వెళ్లిపోయిన తన తండ్రి జెర్రీని ఎన్నేళ్లయినా క్షమించలేకపోతాడు. చెల్లెలి పెళ్లిలో తండ్రీకొడుకులు చేయి చేసుకోవడం, ఆసుపత్రి, చివరికి ఇంట్లోనే ఒక మరణం, ఇవన్నీ ఇందులో ఉన్నాయి. నా అనుభవంలో పన్నెండేళ్లు దాటిన పిల్లలు దీన్ని బాగా అందుకున్నారు. అంతకంటే చిన్నవారు మొదటి అరగంటలోనే విసుగుచెంది లేచిపోయారు, వారిని బలవంతంగా కూర్చోబెట్టవలసిన పనిలేదు.

ఒంటరిగా చూసేటప్పుడు మరొక పని కూడా చేయాలి. మీ ఇంట్లో ఎవరికి ఏ ఘట్టం మరీ దగ్గరగా తగులుతుందో గమనించుకోండి. ఇటీవలే తండ్రిని పోగొట్టుకున్నవారు, ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోయినవారు ఇంట్లో ఉంటే, సినిమాలో అటువంటి సన్నివేశాలున్నాయని వారికి విడిగా, ముందే చెప్పి, చూడాలో వద్దో వారినే నిర్ణయించుకోనివ్వాలి. సినిమా కదా, ఏమవుతుందిలే అనుకోవడం సరికాదు.

రోజర్స్ ఎవరో ముందే చెప్పాలి

అమెరికా ప్రేక్షకుడికి రోజర్స్ ఎవరో చెప్పనక్కరలేదు. ఆ ఎర్ర స్వెటర్ కనబడగానే అతనికి చిన్నతనం గుర్తుకొస్తుంది. మనకు ఆ జ్ఞాపకం లేదు కనుక, సినిమా మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ఆయన గురించి చెప్పకపోతే, నెమ్మదిగా మాట్లాడుతూ చెప్పులు మార్చుకునే ఈ పెద్దమనిషి ఎవరో, ఆయనంటే అందరికీ అంత గౌరవం ఎందుకో అర్థం కాదు. నేను చెప్పేది ఇంచుమించుగా ఇలా ఉంటుంది.

ఫ్రెడ్ రోజర్స్ 1928లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాట్రోబ్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. 1963లో ప్రెస్బిటేరియన్ చర్చిలో పాస్టర్‌గా దీక్ష తీసుకున్నారు గాని, ఒక చర్చికి పరిమితం కాకుండా టీవీ ద్వారా పిల్లలకూ కుటుంబాలకూ సేవ చేయడమే ఆయనకు అప్పగించిన బాధ్యత. పిట్స్‌బర్గ్‌లోని డబ్ల్యూక్యూఈడీ అనే ప్రజా టీవీ కేంద్రంలో తయారైన ఆయన కార్యక్రమం 1968లో దేశమంతటా ప్రసారం కావడం మొదలై 2001 వరకు సాగింది. ప్రతిసారీ పాట పాడుకుంటూ లోపలికి వచ్చి, కోటు తీసి జిప్ ఉన్న స్వెటర్ తొడుక్కుని, బూట్లు విప్పి కాన్వాస్ బూట్లు వేసుకుని, ఆ తర్వాతే పిల్లలతో మాట్లాడేవారు. ఆ స్వెటర్లు ఆయన తల్లి అల్లినవి. వాటిలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. చావు, విడాకులు, భయం, కోపం వంటి, పెద్దలు పిల్లల ముందు ఎత్తడానికే జంకే విషయాలను ఆయన పిల్లలతో నేరుగా, వారికి తెలిసే మాటల్లో మాట్లాడేవారు. 2003 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఇక్కడ ఒక్క సంఘటన తప్పక చెబుతాను. ఈత కొలనుల్లో నల్లజాతివారిని తెల్లవారు తమ పక్కన దిగనివ్వని కాలం ఇంకా పూర్తిగా పోని రోజుల్లో, 1969లో, రోజర్స్ తన కార్యక్రమంలో ఒక చిన్న ప్లాస్టిక్ తొట్టిలో చల్లని నీళ్లు పోసుకుని పాదాలు పెట్టుకుని కూర్చున్నారు. అటుగా వచ్చిన పోలీసు అధికారి పాత్రధారి, నల్లజాతి గాయకుడు ఫ్రాంస్వా క్లెమన్స్‌ను పిలిచి, తన పక్కనే ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకోమన్నారు, తన తువ్వాలునే ఆయనకూ ఇచ్చారు. ఉపన్యాసం ఏమీ లేదు. నాలుగు పాదాలు, ఒకే తొట్టి, ఒకే తువ్వాలు. ఒకే నీటిని ముట్టుకోవడమంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు. మా ఇంట్లో ఈ మాట చెప్పగానే గది నిశ్శబ్దమైపోయింది. ఇది సినిమాలో లేదు, అయినా సినిమాలోని మనిషి అర్థం కావడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడలేదు.

పెద్దవారితో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారిని, రేడియో అక్కయ్య కామేశ్వరిగారిని గుర్తుచేసి, వారు రేడియోలో మన పిల్లలతో ఎంత చనువుగా మాట్లాడేవారో ఈయన అమెరికా టీవీలో అలా మాట్లాడేవారని చెబితే చాలు, మా అమ్మకు వెంటనే అందింది. పిల్లల కోసం మరొకటి ఉంది. రోజర్స్ రోజూ ఈత కొట్టేవారు, తన బరువును 143 పౌండ్ల దగ్గరే, అంటే సుమారు 65 కిలోల దగ్గరే, ఏళ్ల తరబడి నిలుపుకున్నారు; ‘ఐ లవ్ యూ’ అనే మూడు ఇంగ్లీషు మాటల్లోని అక్షరాల లెక్క 1, 4, 3 కనుక ఆ అంకె అంటే ఆయనకు ఎంతో ఇష్టం. మన కాలేజీ పిల్లలు ఫోన్లలో 143 అని రాసుకోవడం ఎరిగినవారే కనుక, ఈ ముక్క వినగానే వారికి ఆయన మీద అభిమానం కలుగుతుంది.

గది, సమయం, మాటలు

చిత్రం గంటా యాభై నిమిషాల లోపే ముగుస్తుంది. ముందు పరిచయానికీ తర్వాత మాటలకూ కలిపి మూడు గంటలు ఖాళీగా ఉంచుకోండి. భోజనాలు ముందే ముగించాలి, పొయ్యి మీద కుక్కర్ పెట్టి వచ్చి కూర్చోకూడదు. దీనికి కారణం ఉంది, కింద చెబుతాను.

బొమ్మ మొదలుకాగానే తెర రెండు పక్కలా నల్లగా మారి, చిత్రం దాదాపు చతురస్రంగా కుంచించుకుపోతుంది, రంగులు కూడా పాతబడినట్టు కనిపిస్తాయి. మా ఇంట్లో రిమోట్ తీసుకుని టీవీ సెట్టింగులు మార్చబోయారు. అది టీవీ లోపం కాదు. దర్శకురాలు మారియెల్ హెల్లర్ ఆనాటి కార్యక్రమం ఎలా ఉండేదో అలాగే కనబడాలని పాత తరహా టీవీ కెమెరాలతో ఆ భాగాలను తీయించారు. కథ బయటి లోకంలోకి రాగానే చిత్రం వెడల్పవుతుంది. న్యూయార్క్ నుంచి పిట్స్‌బర్గ్‌కు వెళ్లినప్పుడల్లా నిజమైన నగరాలకు బదులు బొమ్మ ఇళ్లు, బొమ్మ కార్లు, బొమ్మ విమానం కనబడతాయి. ఈ రెండూ ముందే చెప్పి ఉంచితే మధ్యలో ఆపవలసిన పని ఉండదు.

ఇంగ్లీషు రానివారు ఇంట్లో ఉంటే పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవారు ఒకరు కావాలి. రోజర్స్ పాత్రలో టామ్ హాంక్స్ ఎంతో నెమ్మదిగా, మాటకూ మాటకూ మధ్య ఎడం ఇచ్చి మాట్లాడతారు కనుక ఇది కష్టం కాదు. అయితే ప్రతి వాక్యాన్నీ చెప్పుకుంటూ పోవద్దు. జెర్రీ ఆసుపత్రిలో చేరేంతవరకు కథను ముందే టూకీగా చెప్పేసి, సినిమా నడుస్తున్నప్పుడు ఎవరు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నారో మాత్రం అందిస్తే చాలు. ముఖాలే మిగతాది చెబుతాయి.

ఎక్కడ ఆగి చూడాలి

మొదట్లోనే రోజర్స్ ఒక పలకకున్న చిన్న చిన్న తలుపులు తెరిచి బొమ్మలు చూపిస్తారు. ఒక తలుపు వెనక లాయిడ్ ఫొటో, ముక్కు మీద దెబ్బతో ఉంటుంది. ఎదుటి మనిషి మీద మనం మోస్తున్న కోపం నుంచి ఆ మనిషిని వదిలిపెట్టాలని నిర్ణయించుకోవడమే క్షమించడమని, మనం ప్రేమించినవారిని క్షమించడమే కొన్నిసార్లు అన్నిటికంటే కష్టమని ఆయన అక్కడ అంటారు. ఈ మాటలను మనసులో పెట్టుకుని చూడటం అవసరం, ఎందుకంటే తండ్రి చేసింది తప్పు కాదని చిత్రం ఎక్కడా అనదు. తప్పు తప్పుగానే ఉంటుంది.

గుడారం సన్నివేశాన్ని పిల్లలకు ముందే గుర్తుచేయండి. కార్యక్రమంలో రోజర్స్ ఒక గుడారం వేయబోతారు, అది ఎంతకీ నిలబడదు. మళ్లీ తీద్దామని సిబ్బంది అన్నా ఆయన ఆ విఫలమైన భాగాన్నే ఉంచుతారు. పెద్దవాళ్లు అనుకున్నవి కూడా ఒక్కోసారి జరగవని పిల్లలకు తెలియాలని ఆయన ఉద్దేశం.

లాయిడ్ భార్య ఆండ్రియాను కూడా జాగ్రత్తగా గమనించాలి. భర్త కోపం వల్ల రోజూ నలిగేది ఆమె. పసిబిడ్డను ఎత్తుకుని ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉన్నదీ ఆమే. క్షమ గురించి మాట్లాడేటప్పుడు మనం తండ్రినీ కొడుకునే చూసి ఆమెను మరచిపోతుంటాం. రోజర్స్ భార్య జోఆన్ పాత్ర చెప్పే మాట మరీ విలువైనది: తన భర్తను మహాత్ముడని అనుకుంటే ఆయన బతుకుతున్న తీరు ఎవరికీ అందదని, ఆయనకూ కోపం వస్తుందని, ఆయన రోజూ సాధన చేస్తుంటారని ఆమె లాయిడ్‌కు చెబుతుంది. మనం మంచివారిని వెంటనే దేవుళ్లను చేసి పటం కట్టి గోడకు తగిలిస్తాం. అందుకే నాకు ఈ మాట ఇంత గట్టిగా నచ్చింది.

ఇక అసలు ఘట్టం హోటల్లో వస్తుంది. రోజర్స్, లాయిడ్ భోజనానికి కూర్చుంటారు. మనల్ని ప్రేమించి మనుషుల్ని చేసినవారిని ఒక్క నిమిషం తలచుకుందామని రోజర్స్ అంటారు. హోటల్లోని చప్పుడంతా ఆగిపోతుంది. పక్క బల్లల దగ్గరివారు కూడా చెంచాలు దించి మౌనంగా ఉండిపోతారు. కెమెరా నెమ్మదిగా రోజర్స్ ముఖం దగ్గరికి వస్తుంది, ఆయన చూపు లాయిడ్ మీది నుంచి మెల్లగా మన వైపు తిరుగుతుంది. ఆ బల్లల దగ్గర కూర్చున్నవారిలో నిజమైన జోఆన్ రోజర్స్ కూడా ఉన్నారు. సినిమా తీసేనాటికి ఆమెకు తొంభై ఏళ్లు. నిజజీవితంలోనూ రోజర్స్ 1997లో ఎమ్మీ అనే టీవీ పురస్కారాల వేదిక మీద జీవిత సాఫల్య పురస్కారం అందుకుంటూ సభలోని వారందరినీ ఇలాగే పది సెకన్లు మౌనంగా ఉండమని కోరి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు.

ఈ నిమిషం కోసమే కుక్కర్ పెట్టవద్దని చెప్పాను. ఫోన్లు వేరే గదిలో ఉండాలి, తెలుగులో చెప్పేవారు కూడా మాట ఆపేయాలి, ఎవరూ ఎవరి ముఖాల్లోకీ చూడకూడదు. రెండోసారి చూసినప్పుడు మా అమ్మ ఆ నిమిషంలో తన చీర కుచ్చిళ్లను వేళ్లతో మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. ఎవరు గుర్తొచ్చారని నేను అడగలేదు. వారం తర్వాత, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తన మేనత్త గురించి గంటసేపు తానే చెప్పింది. ఆ మేనత్త పేరు అంతకు ముందు నేను వినను కూడా లేదు.

ఏది జరిగింది, ఏది కల్పన

జీవిత కథా చిత్రం చూసినవారు ఇదంతా నిజంగా జరిగిందా అని తప్పకుండా అడుగుతారు, సమాధానం దగ్గర ఉంచుకోవాలి. టామ్ జునాడ్ అనే రచయిత 1998 నవంబరు ‘ఎస్క్వైర్’ పత్రికలో రోజర్స్ గురించి రాసిన వ్యాసం ఈ చిత్రానికి ఆధారం. కటువుగా రాస్తాడని పేరున్న జునాడ్ ఆ పనితో రోజర్స్‌కు స్నేహితుడయ్యారు, ఆ స్నేహం రోజర్స్ మరణం వరకు నిలిచింది. లాయిడ్ వోగెల్ అనే పేరు, పెళ్లిలో తండ్రితో కొట్లాట, తండ్రి వదిలి వెళ్లిపోవడం మాత్రం సినిమా కోసం కల్పించినవి. న్యూయార్క్ సబ్‌వే రైల్లో ప్రయాణికులు రోజర్స్‌ను గుర్తుపట్టి ఆయన పాటను ఆయనకే పాడి వినిపించడం నమ్మశక్యంగా ఉండదు గాని, అది ఆ వ్యాసంలో ఉన్నదే.

మరణశయ్య మీదున్న జెర్రీ చెవిలో రోజర్స్ ఏదో చెప్పడం చూస్తారు. తన కోసం ప్రార్థించమని అడిగానని ఆయన తర్వాత లాయిడ్‌తో అంటారు. అంత కష్టం అనుభవిస్తున్న మనిషి దేవుడికి చాలా దగ్గరగా ఉండి ఉంటాడని ఆయన నమ్మకం. వ్యాసంలో ఇదే విన్నపం ఆయన సెరిబ్రల్ పాల్సీతో (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితితో) బాధపడుతున్న ఒక కుర్రవాడికి చేస్తారు. అందరూ తన కోసం ప్రార్థించేవారే గాని, తమ కోసం ప్రార్థించమని తనను అడిగినవారు అంతకు ముందు ఎవరూ లేని కుర్రవాడు అతడు. ఒకరి జీవితంలోని సంగతిని మరొకరి పాత్రకు మార్చడం తప్పని నాకు అనిపించలేదు, కాని మార్చారని ప్రేక్షకులకు చెప్పడం మన బాధ్యత.

తర్వాత మాట్లాడుకోవడం

పేర్లు పడుతుండగానే లేచి లైటు వేయవద్దు, ఆ పేర్లతోపాటు నిజమైన ఫ్రెడ్ రోజర్స్ కనబడతారు. ఆ తర్వాత మంచినీళ్లో మజ్జిగో ఇచ్చి, మాట్లాడాలనిపించినవారిని మాత్రమే మాట్లాడనివ్వాలి. మీరు ఎవరినైనా క్షమించారా, మీకు ఎవరి మీదైనా కోపం ఉందా వంటి ప్రశ్నలు అసలే వేయకూడదు. నలుగురిలో అటువంటి ప్రశ్న వేస్తే మనిషి తలుపు వేసుకుంటాడు. సినిమాలోని మనుషుల గురించే అడగండి. రోజర్స్ చేతికి పులిబొమ్మ తొడుక్కుని చిన్ననాటి సంగతులు అడిగితే లాయిడ్ ఎందుకంత చిరాకుపడ్డాడు? జెర్రీ మొదటిసారి మాట్లాడబోయినప్పటి తీరుకూ, చివర్లో మాట్లాడిన తీరుకూ తేడా ఏమిటి? ఆండ్రియా స్థానంలో ఉంటే మీరు ముందు ఎవరితో మాట్లాడేవారు? ఇలా అడిగితే ఎవరి కథ వారే, అడగకుండానే, కొంత కొంత బయటికి తెస్తారు.

పిల్లలకు చివరి దృశ్యం గురించి ఒక ప్రశ్న వదలండి. చిత్రీకరణ ముగిసి లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుండగా రోజర్స్ ఒంటరిగా పియానో వాయిస్తూ, ఉన్నట్టుండి కింది స్వరాల మెట్లన్నిటినీ రెండు చేతులతో ధడేలున మోదుతారు, మళ్లీ మామూలుగా వాయించుకుంటారు. కోపం వస్తే ఏం చేయవచ్చో ఆయన సినిమాలో అంతకుముందే చెప్పారు: మట్టిముద్దను పిడికిలితో గుద్దవచ్చు, వేగంగా ఈత కొట్టవచ్చు, పియానో మీద అలా మోదవచ్చు. ఆ చప్పుడును ఈ మాటతో కలుపుకోగలరేమో చూడండి. కలుపుకోకపోతే మీరు చెప్పవద్దు, మళ్లీ చూసినప్పుడు తెలుస్తుంది.

పెద్దలెవరైనా ఆ రాత్రే ఉద్వేగంతో ఎవరికో ఫోన్ చేస్తానంటే, ఆపవద్దు, తొందరపెట్టనూ వద్దు. మా పెదనాన్న మూడోసారి వేసినప్పుడు తానే అడిగి వచ్చి కూర్చుని చివరిదాకా చూశారు. మా నాన్నగారి గురించి ఒక్క మాటా అనలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్లేముందు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, ఆ గుడారం సంగతి భలే ఉందన్నారు.